పడవవాడి చిరునామా

మూడో అంతస్తు గది, కాలవ వీధి
మార్చి 9

బాబాయ్,

ఉత్తరంలో ముందు క్షేమసమాచారం ఉండాలని నువ్వే నేర్పావు కనక ముందు అది. నేను బాగానే ఉన్నాను. వచ్చిన వారానికే జలుబు చేసింది, దానంతటదే తగ్గింది. గది అగ్గిపెట్టంత. మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతాయి. కిటికీ తెరిస్తే బల్ల మీది కాగితాలు ఎగిరి మంచం కింద చేరతాయి. ఆఫీసులో పని మాత్రం నచ్చింది. ఊరి కింద పరిచిన నీటిగొట్టాలకి నక్షాలు గీయడమే పని. ఏ దేశమైనా గొట్టం గొట్టమే కదా. ఏడాది శిక్షణ అయ్యేసరికి ఈ ఊరి పేగులన్నీ నాకు కంఠతా వచ్చేస్తాయి.

ఇక అసలు సంగతి. నువ్వు అనువదించిన పడవవాడి నవలలు అయిదూ పెట్టె అడుగున పెట్టుకుని వచ్చాను. బరువు ఎక్కువైందంటే రెండు స్వెట్టర్లు తీసేశాను కాని వాటిని ముట్టుకోలేదు. ఆఫీసువాళ్ళు ఈ దేశం పేరు చెప్పగానే నేను ఎగిరి గంతేసింది ఎవరి కోసమనుకున్నావు? పన్నెండో ఏట నుంచీ నేను ఈ ఊళ్ళోనే తిరుగుతున్నాను, కాకపోతే పుస్తకంలో. ఈ భాష నేర్చుకుందీ ఆయన్ని ఆయన మాటల్లోనే చదవాలని.

మొదటి ఆదివారం మొదటి నవల చేత్తో పట్టుకుని బయల్దేరాను. "గడియార స్తంభం దగ్గర ఎడమకి తిరిగి మెట్లు దిగితే రేవు" అని ఉంది కదా. గడియార స్తంభం ఉంది. ఎడమకి తిరిగాను. పిండిమర వచ్చింది! మరబట్టే ఆయన ఒళ్ళంతా పిండితో బయటికి వచ్చి, రేవు నా వీపు వెనక ఉందని చెయ్యి చూపించాడు. నేనే ఎక్కడో పొరబడి ఉంటాను.

ఆఫీసు పక్క సందులో పాత పుస్తకాల షాపు ఉంది. నడిపేది డెబ్బై ఏళ్ళావిడ. కళ్ళజోడు దారంతో మెళ్ళో వేలాడుతూ ఉంటుంది. కొత్త పుస్తకం అడిగితే "క్రితంసారి పట్టుకెళ్ళింది పూర్తయిందా?" అంటుంది. కాలేదంటే అమ్మదు. ఈ ఊళ్ళో షాపులన్నీ అంతేనట! పడవవాడి నవలలు కావాలి అన్నాను. "పడవల మీద పుస్తకాలు ఆ అరలో ఉంటాయి" అంది.

కాబట్టి ఆయన అసలు పేరూ, ఇక్కడి ప్రచురణకర్త పేరూ వెంటనే రాసి పంపు. సెప్టెంబరులో మీ పబ్లిషరు కొడుకు అయిదు నవలలూ ఒకే సంపుటిగా వేస్తున్నాడు కదా. ముందుమాట నన్ను రాయమన్నాడు, రచయిత ఇంటి ఫోటో కూడా కావాలన్నాడు. అదే సభలో అనువాదకుడికి సన్మానం. నువ్వు శాలువా కప్పుకుని ఇబ్బందిపడటం చూడలేకపోతున్నందుకే నా బాధ.

పిన్నికి నా తరఫున ఒక ముద్దు. ఆవిడ వద్దంటే నువ్వే ఉంచుకో.

నీ అమ్ములు


ప్రెస్సు వెనక గది
మార్చి 27

అమ్ములూ,

నీ ఉత్తరం చేరింది. పిన్నికి వినిపించాను. స్వెట్టర్లు తీసేశావన్న దగ్గర ఆవిడ ఆగిపోయింది, ఆపైన ఏం చదివినా వినలేదు. ముందు స్వెట్టరు కొనుక్కో.

పడవవాడు అన్నది కలం పేరు. నేను ఆ కలం పేరుని కూడా అనువదించేశాను, అప్పట్లో అదే పద్ధతి. అసలు పేరు ఆయన ఎప్పుడూ బయటపెట్టలేదు. ఏకాంతం కోరే మనిషి. ఆ పుస్తకాలు వేసిన చిన్న సంస్థ ఎప్పుడో మూతపడింది. ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదంటే నాకేం ఆశ్చర్యం లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

ఇక ఎడమా కుడీ సంగతి. ఊళ్ళు మారతాయమ్మా. పాత మెట్లు తీసేసి కొత్తవి కట్టి ఉంటారు. పుస్తకం చేత్తో పట్టుకుని ఊళ్ళో తిరిగితే లారీ కింద పడతావు. పుస్తకాన్ని ఇంట్లో చదువు, వీధిలో వీధిని చూడు.

ఫోటో కోసం హైరానా పడకు. పబ్లిషరు కొడుక్కి నేను సర్దిచెబుతాను. ముందుమాట కూడా నీ చిన్నప్పటి కబుర్లతో రెండు పేజీలు రాసెయ్. రచయిత జీవితం గురించి ఎక్కువ వద్దు. ఆ దేశంలో చదవాల్సిన వాళ్ళు ఇంకా బోలెడంతమంది ఉంటారు. వాళ్ళని చదువు.

మీ బాబాయి


కాలవ వీధి
ఏప్రిల్ 20

బాబాయ్,

వాళ్ళని చదువు అన్నావు కదా, చదువుతున్నాను. ఆరు వారాల్లో తొమ్మిది పుస్తకాలు. షాపు పెద్దావిడ ఒక్కొక్కటి పూర్తయ్యాక కథ అడిగి, నేను నిజంగా చదివానో లేదో చూసి మరీ ఇంకోటి ఇస్తోంది. స్కూల్లో కూడా నన్ను ఇంతగా ఎవరూ అనుమానించలేదు.

ఇక్కడి వాళ్ళ చదువు వేరే రకం. బస్సులో చదువుతారు, బేకరీ ముందు వరసలో నిలబడి చదువుతారు. శనివారం మధ్యాహ్నం బైండింగు షాపు వెనక గదిలో ఎనిమిదిమంది కూడి చర్చ పెట్టుకుంటారు. పుస్తకాలు కుట్టే బైండరుది ఆ గది. ఒక స్కూలు టీచరు, రేవులో గుమస్తాగా చేసి రిటైరైన ఒక తాత, షాపు పెద్దావిడ, తక్కినవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు తమకి ప్రాణమైన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలి. తక్కినవాళ్ళు లాయర్లలా ప్రశ్నలు వేస్తారు. అదీ వాళ్ళ ఆచారం.

నేను లేచి, "నాకు ప్రాణమైనవాడు మీ రచయితే" అని పడవవాడి గురించి అరగంట చెప్పాను. చప్పట్లు వస్తాయనుకున్నాను. గుమస్తా తాత నెమ్మదిగా, "అమ్మాయీ, ఈ రేవులో నలభై ఏళ్ళు పనిచేశాను. రేవు మీద ఎవరు అరపేజీ రాసినా నాకు తెలుస్తుంది. ఈయన ఎవరు?" అన్నాడు. షాపు పెద్దావిడ నన్ను చూసిన చూపు చెప్పలేను. వాళ్ళ ఊరి పేరు చెప్పుకుని నేను ఏదో అమ్మడానికి వచ్చాననుకుందో ఏమో.

తరవాత మూడు మధ్యాహ్నాలు భోజనం మానేసి పెద్ద లైబ్రరీలో కూర్చున్నాను. ఇక్కడ కలం పేర్లకి వేరే రిజిస్టరు ఉంది. పడవ, తెడ్డు, రేవు, నది అనే అర్థం వచ్చేవన్నీ చూశాం నేనూ, లైబ్రేరియనూ. నలుగురు దొరికారు. ఒకాయన వంటల పుస్తకం రాశాడు. ముగ్గురు కవులు. నవలాకారుడు లేడు.

ఇంకోటి. అయిదు నవలల్లోనూ వీధి గుమ్మం పక్కన అరుగులు ఉన్నాయి. కథలన్నీ ఆ అరుగుల మీదే జరుగుతాయి. ఈ ఊళ్ళో ఒక్క ఇంటికీ అరుగు లేదు బాబాయ్. ఎప్పుడూ లేదట. అడిగాను.

నువ్వు ఏ పుస్తకం చూసి అనువదించావో ఆ పుస్తకం అట్ట మీద ఏముందో రాయి. బీరువాలో ఉంటుంది కదా. రంగయినా చెప్పు.

అమ్ములు


ప్రెస్సు వెనక గది
మే 8

అమ్ములూ,

పోలీసు ఉద్యోగంలో ఎప్పుడు చేరావు?

రంగు కావాలిట రంగు. ముప్పై ఏళ్ళనాటి పుస్తకం అట్ట రంగు ఎవరికి గుర్తుంటుంది? చెదలు తినేశాయి. చెదలకి రంగు పట్టింపు లేదు.

ఒకటి సూటిగా అడుగుతాను. నిన్ను ఎవరు పురమాయించారు? పబ్లిషరు కొడుకేనా? ఈమధ్య అతను కూడా ప్రెస్సుకి వచ్చినప్పుడల్లా హక్కులు, అనుమతి కాగితాలు అంటూ ఏవేవో అడుగుతున్నాడు. వాళ్ళ నాన్న ఉన్నన్నాళ్ళూ ఒక్క కాగితం అడగలేదు. ఇద్దరూ కలిసి నా వెనక ఉత్తరాలు రాసుకుంటున్నారా? రాసుకుంటే రాసుకోండి. నేను ఎవరి సొమ్మూ తినలేదు.

నువ్వు బల్ల ఎత్తు కూడా లేనప్పుడు నిన్ను స్టూలు మీద కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది ఇందుకు కాదు.

బాబాయి

తా.క. పిన్ని ఈ ఉత్తరం చదివి నన్ను తిట్టింది. చింపేసి మళ్ళీ రాయమంది. రాయను. కాని స్వెట్టరు కొన్నావో లేదో రాయి.


కాలవ వీధి
జూన్ 2

బాబాయి గారికి,

నన్ను ఎవరూ పురమాయించలేదు. పబ్లిషరు కొడుక్కి నేను ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది మీ ఉత్తరం. అసలు దొంగ అన్న మాట నేను అననేలేదు.

గురువారం జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను. సంపుటిలో ఊరి పటం ఒకటి వేస్తే పాఠకులకి బాగుంటుందనిపించింది. నేను చేసేది నక్షాల పనే కదా. అయిదు నవలలూ ముందు పెట్టుకుని ట్రేసింగు కాగితం మీద గీశాను. గడియార స్తంభం దగ్గర ఎడమ, ఇన్ని అడుగులు, కుడివైపు ఆస్పత్రి, వంతెన దాటాక ఎడమ చేతి సందులో బడి. ఎక్కడెక్కడ ఏం రాశారో అక్కడక్కడే పెట్టాను. అది పూర్తయ్యాక, ఆఫీసులో కింద దీపం ఉండే గాజుబల్ల మీద అసలు ఊరి నక్షా పరిచి, దాని మీద నా కాగితం వేశాను. గడియార స్తంభమూ వంతెనా తప్ప ఏదీ కలవలేదు. ఆస్పత్రి కాలవలో పడింది. బడి రైలు పట్టాల మీద పడింది.

పై అధికారి పిలిస్తే వెళ్ళాను. వచ్చేసరికి ఫ్యాను గాలికి నా కాగితం తిరగబడి ఉంది. తీసి సరిగా పెట్టబోయి ఆగిపోయాను. తిరగేసిన కాగితం కింద ఊరంతా సరిపోయింది. రేవు మీద రేవు, ఆస్పత్రి మీద ఆస్పత్రి, ఇరుకు సందుతో సహా. ఒక్క వీధి తప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

ఈ ఊళ్ళో పుట్టినవాడు అయిదు నవలల్లో ఒక్కసారీ కుడిని కుడి అనకుండా ఉంటాడా? దీన్ని రాసినవాడు ఈ ఊళ్ళో ఎప్పుడూ నడవలేదు. ఊరి బొమ్మని మాత్రం చూశాడు. అదీ అద్దంలో చూసినట్టు. ఊరు అలా తిరగబడి కనిపించే చోటు నాకు తెలిసి ఒక్కటే ఉంది. అచ్చుకి ముందు ఉండే బ్లాకు. చిన్నప్పుడు మీ ప్రెస్సులో ఏనుగు బ్లాకు చూసి తొండం ఇటుందేమిటని అడిగితే, "సిరా పూసి కాగితం మీద ఒత్తితే అటొస్తుంది" అన్నది మీరే.

పడవవాడు అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటరా? ఆయన చేసే ప్రెస్సు నాకు తెలుసా? ఈసారి చెదల కథ వద్దు.

అమ్ములు

స్వెట్టరు కొన్నాను.


ఇల్లు
జూన్ 20

అమ్ములుకి పిన్ని ఆశీర్వదించి రాయునది.

నేను ఉత్తరాలు రాసి చాలా ఏళ్ళయింది, తప్పులుంటే సర్దుకో. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. మీ బాబాయి అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. చొక్కా మార్చినప్పుడు దాన్నీ కొత్త చొక్కాలోకి మారుస్తున్నారు. నాకు చూపించలేదు. నువ్వు నన్ను అడిగి ఉంటే చెప్పేదాన్ని కదా.

అన్నం కలుపుకుని అలాగే కూర్చుంటున్నారు. ప్రెస్సుకి వెళ్ళి పేర్చినదాన్నే మళ్ళీ విప్పుతున్నారట. పబ్లిషరు గారి అబ్బాయి సన్మానపత్రం నమూనా ఇచ్చి వెళ్ళాడు, చదువు అంటే కళ్ళజోడు కనబడటం లేదన్నారు. కళ్ళజోడు నెత్తి మీదే ఉంది.

నువ్వేం రాశావో నేను అడగను. నాకు తెలిసింది ఒకటి చెబుతాను. మీ బాబాయి ఆ నవలలు చేసే రోజుల్లో మధ్యాహ్నం క్యారియరు నేనే పట్టుకెళ్ళేదాన్ని. ఆయన నిలబడి అక్షరాలు పేరుస్తూ ఉండేవారు. పక్కన ఏ పుస్తకమూ ఉండేది కాదు. ఇంగిలీషుదీ లేదు, ఆ దేశందీ లేదు. ఏమండీ, దేన్ని చూసి చేస్తున్నారు అంటే, అంతా కంఠస్థం అనేవారు. నేను చదువుకోలేదు కాని పిచ్చిదాన్ని కాదు. ముప్పై ఏళ్ళుగా ఊరుకున్నాను. మగవాడు ఒక్క విషయంలో సంతోషంగా ఉంటే దాన్ని ఎందుకు కదిలించడం అని.

కోపంగా రాయి, ఫరవాలేదు. కాని గారు అని రాయకు, ఆ ఒక్క సంగతి మాత్రం నాతో అన్నారు. అది తట్టుకోలేకపోతున్నారు.

పిన్ని


ప్రెస్సు వెనక గది
జూలై 1

అమ్ములూ,

నిజమే. పడవవాడు లేడు. ఉన్నది నేనే.

ఈ మాట రాయడానికి మూడు వారాలు పట్టింది. ఇక తక్కినది తొందరగా చెప్పేస్తాను.

ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక నవల రాసి, దారంతో కట్టి, పబ్లిషరు పెద్దాయనకి ఇచ్చాను. మూడు రోజుల తరవాత తిరిగి ఇచ్చాడు. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది. "నువ్వు పేర్చేవాడివయ్యా. కంపోజిటరు రాసింది ఎవడు కొంటాడు? జనం ఇప్పుడు విదేశాల నవలలంటే పడిచస్తున్నారు. అలాంటిది ఏదైనా ఉంటే చూడు" అన్నాడు. ఆయన్ని తప్పుపట్టను. వ్యాపారం.

అదే ఏడు కొత్త అచ్చుయంత్రం బిగించడానికి ఆ దేశం నుంచి ఒక మెకానిక్కు వచ్చాడు. నాలుగు నెలలు ఉన్నాడు. అతని పనిముట్లు అందించేది నేనే. సైగలతో నవ్వుకుంటూ ఉంటే, మేం అతని భాషలోనే మాట్లాడుకుంటున్నామని ప్రెస్సులో అందరూ అనుకున్నారు. నేను కాదనలేదు. నాకు ఆ భాషలో పది మాటలు వచ్చు. అందులో ఆరు మరలూ మేకులూ. అతను వెళ్ళాక పెద్దాయనతో, "నాకు ఒక నవల ఇచ్చి వెళ్ళాడండీ, తెలుగు చేయనా?" అన్నాను. అంతే. కాగితం మీద రాయకుండా నేరుగా టైపులోనే పేర్చేస్తానంటే, రాతప్రతి ఖర్చు కలిసొచ్చిందని సంబరపడ్డాడు.

ఊరు కావాలి కదా. ఓడల కంపెనీవాళ్ళు యాత్రికుల కోసం ఆ దేశపు రేవు పట్నం పటం వేయమని బ్లాకు చేయించి, తరవాత ఆర్డరు మానుకున్నారు. అచ్చు కాని ఆ బ్లాకు కిటికీలో పడి ఉంది. దాన్ని చూసి పెన్సిలుతో గీసుకున్నాను. అక్షరాలు తిరగబడి ఉంటేనే నా కళ్ళకి సరిగా ఉన్నట్టు. ఆ కళ్ళతోనే పటాన్నీ చూశాను. పేర్లు చూసైనా తెలిసేది, ఆ లిపి ఎటు నుంచి చూసినా నాకు ఒకటే. జీవితమంతా తిరగేసిన అక్షరాల మధ్య బతికి, ఒక బొమ్మ దగ్గర బోల్తాపడ్డాను. అబద్ధమాడినందుకు ఎంత సిగ్గుపడ్డానో, పనివాడిగా ఈ తప్పు చేసినందుకూ అంతే సిగ్గుపడ్డాను. నవ్వుకో.

ఒక్క పుస్తకంతో ఆపేద్దామనుకున్నాను. ఆ పుస్తకం చదివి జనం ఏడ్చారమ్మా. నా పక్కన నిలబడి పేర్చే పనివాళ్ళే, "ఆ దేశంవాడు ఎంత బాగా రాశాడో!" అన్నారు. ఎలా ఆపను?

ఇప్పుడు నా బతుకు నీ చేతిలో ఉంది. ఆ రెండు పేజీల ముందుమాట రాసెయ్. పడవవాడు పుట్టాడని గాని పోయాడని గాని రాయవద్దు. ఊరికే బాగా రాశాడని రాయి. అది అబద్ధం కాకూడదనే నా ఆశ. సభ అయిపోతే ఇక ఈ జన్మకి ఎవరూ తవ్వరు. బయటపడితే మాత్రం, ఇన్నేళ్ళూ చదివినవాళ్ళందరూ నన్ను మోసగాడంటారు. అది నిజమే కనక తట్టుకోలేను.

మీ బాబాయి


కాలవ వీధి
జూలై 22

బాబాయ్,

గారు తీసేశాను. కోపం తీసేయలేదు.

నువ్వు చెప్పిందే నాలుగుసార్లు చదివాను. ఒకసారి నవ్వు వచ్చింది, మరలూ మేకులూ అన్న దగ్గర. తక్కిన మూడుసార్లు ఏడుపే. నేను ఎవరిని ప్రేమించి ఇంత దూరం వచ్చానో ఆయన ఇన్నాళ్ళూ మా ఇంటి వెనక వీధిలో సిరా చేతులతో తిరుగుతున్నాడు, ఆయనే నాకు ఒక్కసారీ చెప్పలేదు. అందరికీ చెప్పకపోతే పోనీ. నాకు?

ముందుమాట రాయను. నువ్వు చెప్పినట్టు ఒడుపుగా రాస్తే ఎక్కడా దొరకం, నిజమే. దొరకని అబద్ధం నా పేరు కింద ఉండటం నాకు ఇష్టం లేదు. అలాగని పబ్లిషరు కొడుక్కి నేను చెప్పను. చెబితే నువ్వే చెప్పాలి.

ఇక్కడ జరిగింది విను. శనివారం గదిలో వాళ్ళ అనుమానం తీర్చాలి కదా. ఒక తప్పు జరిగింది, ఈ రచయిత మీవాడు కాదు, మావాడు అని చెప్పాను. పేరు చెప్పలేదు. రెండో నవలలోని పడవ నడిపే ఆమె కథ, మూడు అధ్యాయాలు, వాళ్ళ భాషలోకి నాకు వచ్చినంతలో చేసి చదివాను. ఆమె తన పాపని గట్టు మీద అమ్మమ్మ దగ్గర వదిలి అవతలి గట్టుకి పనికి వెళ్ళే చోట ఆపాను. గుమస్తా తాత ముక్కు చీదుకుని, "ఇది మా రేవు కాదు. కాని ఈ పడవ మనిషిని నేను ఎరుగుదును" అన్నాడు. షాపు పెద్దావిడ ఇంకా లొంగలేదు. "మావాళ్ళు ఒకళ్ళ కోసం ఒకళ్ళు గుమ్మంలో ఇంతసేపు కూర్చోరు. మాకు అంత ఓపిక ఉంటే బాగుండేది" అంది. ఆ తరవాత బయటికి వస్తూ నా చెయ్యి పట్టుకుని, "ఆ తక్కినది ఎప్పుడు చదువుతావు?" అంది.

వాళ్ళు ఏడాదికి ఒక పుస్తకం సొంతంగా వేస్తారు. ఈ ఏడు ఇది వేద్దామంటున్నారు. బైండరు మాత్రం, "రాసినవాడి పేరు తెలియకుండా నేను కుట్టు వేయను" అని సూది పక్కన పెట్టాడు. ఏం చెప్పమంటావు?

ఒకటి అడగాలి. కోపమంతా దీని గురించే కాబోలు. పన్నెండేళ్ళప్పుడు నేను పడవవాడికి ఒక ఉత్తరం రాసి, కవరు అంటించి, నీ చేతికి ఇచ్చాను. పంపానన్నావు. ఆ ఏడంతా పోస్టుమ్యాను సైకిలు బెల్లు వినబడితే చాలు గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని. అమ్మ వేళాకోళం చేసేది. జవాబు రాలేదు. పెద్ద రచయితలు పిల్లలకి రాయరు కాబోలు అనుకున్నాను. ఆ ఉత్తరం ఏమైంది?

అమ్ములు


ప్రెస్సు వెనక గది
ఆగస్టు 19

అమ్ములూ,

చెప్పేశాను.

సోమవారం పొద్దున్న పబ్లిషరు కొడుకు గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పాను. అతను ముందు నవ్వాడు, వేళాకోళం అనుకుని. తరవాత తలుపు వేశాడు. సంపుటి ఆపేశాడు. సన్మానం లేదు, హాలు వద్దని కబురు పంపాడు. "మా నాన్నని మోసం చేశారు" అన్నాడు. అవునన్నాను. "మీరే రాశానని అప్పుడే చెప్పి ఉంటే వేసేవాళ్ళం కదా" అన్నాడు. దానికి జవాబు ఉంది, చెప్పలేదు. పోయినవాళ్ళ మీద చాడీలు దేనికి?

మూడో రోజుకి ప్రెస్సులో అందరికీ తెలిసింది. నాతో పాతికేళ్ళు పక్కపక్కన పనిచేసినవాడు టీకి పిలవలేదు. ఎవరో పాఠకుడు కార్డు రాశాడు, తన పుస్తకాలు తిరిగి తీసుకోమని. పిన్ని మాత్రం, "ఇప్పుడైనా అన్నం తింటారా?" అంది. తిన్నాను. ఆకలి వేసింది కూడా.

మీ బైండరుకి నా పేరు చెప్పు. ఇంటిపేరుతో సహా చెప్పు. కుడి ఎడమలు మాత్రం అలాగే ఉంచమను. అది మీ ఊరు కాదు, నాది.

ఇక నీ ఉత్తరం. పంపానని చెప్పింది అబద్ధం, పారేయలేదన్నది నిజం. పడవవాడికి అని కవరు మీద రాసి, అంటించి, అనువాదకుడి ద్వారా అంటూ జనం పంపినవన్నీ ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. నువ్వు నమ్మకపోవచ్చు. పుస్తకాలు దొంగతనంగా రాయగలిగాను కాని, వేరేవాళ్ళ పేరున వచ్చిన ఉత్తరం విప్పలేకపోయాను. అవి ఆయనకి వచ్చినవి. నాకు ఏం హక్కు? ఒక్కోసారి పెట్టె తెరిచి దస్తూరీలు చూసి మూసేసేవాణ్ణి. నీ దస్తూరీ కిందనే ఉంది.

నిన్న విప్పాను. అన్నిటికన్నా ముందు నీదే. ఒకే ఒక్క ప్రశ్న వేశావు. "పడవ నడిపే ఆమె పాపని గట్టు మీద వదిలి వెళ్ళేటప్పుడు ఎందుకు వెనక్కి చూడలేదు? మీరు చెప్పేదాకా మీ పుస్తకాలు ముట్టుకోను" అని. ముట్టుకున్నావనుకో. వారానికే మూడోది కావాలని నా ప్రాణం తీశావు. అయినా ప్రశ్న ప్రశ్నే. జవాబు కింద రాస్తున్నాను.

చిన్నారి పాఠకురాలికి,

నీ ఉత్తరం అందింది. జవాబు పదిహేడేళ్ళు ఆలస్యమైంది. తప్పు పోస్టుమ్యానుది కాదు. పెద్ద రచయితలు పిల్లలకి రాయకపోవడమూ కాదు. నాకు భయం వేసింది.

ఆమె వెనక్కి చూసింది. నేను పేర్చాను కూడా. కాని అది పదహారు పేజీలు కలిపి అచ్చువేసే ఫారంలో చివరి పేజీ, రెండు లైన్లు ఎక్కువయ్యాయి. రెండు లైన్ల కోసం అప్పటికే బిగించేసిన తరవాతి పదహారు పేజీలు ఎవరూ విప్పరు. ఏవో రెండు తీసేయాలి. అనువాదకుణ్ణి కదా, నాది కాని వాక్యం మీద నాకెందుకు జాలి అనుకుని, వాటినే తీశాను. అక్షరాలు విప్పి గళ్ళలో వేసేశాను. ఆ రోజు ఇంటికి త్వరగా వెళ్ళిపోయాను. ఆ లైన్లు ఇవి:

"అవతలి గట్టు చేరేలోపు ఆమె మూడుసార్లు వెనక్కి చూసింది. మూడోసారి చూసేసరికి గట్టు మీద పాప లేదు, ఆడుకోవడానికి వెళ్ళిపోయింది."

నీ పుస్తకంలో ఆ పేజీ అడుగున రాసుకో.

ఇట్లు,
ఆ పుస్తకం రాసిన
మీ బాబాయి